పొయ్యి వెలిగిందా

కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు హాజరు పిలవడం అయిపోవాలి. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని సరళకుమారి పేర్లు పిలవడం మొదలుపెడుతుంది. ఒక పేరు పిలిచి వాట్సాప్‌లో పంపి ఆగుతుంది. అవతలినుంచి ఒక గొంతు వచ్చి పడుతుంది. మళ్లీ ఇంకో పేరు. మధ్యలో విజిల్ వేస్తే అదీ రికార్డయిపోతుంది. మేడంగారి కుక్కర్ కూడా ప్రెజెంటేనని పిల్లలు కాసేపు నవ్వుకుంటారు. మూడో విజిల్ తర్వాత ఆమె టీచరు కాదు. అత్తగారికి మెత్తన్నం కలిపి మాత్రలు అందించాలి, భర్తకి బాక్సు కట్టాలి, ఆన్‌లైన్ క్లాసని మంచం దిగని కూతురికి మంచం దగ్గరికే టీ తీసుకెళ్లాలి.

వాళ్లుండేది ఢిల్లీ మయూర్ విహార్‌లో, డీడీఏ ఫ్లాట్లలో. ఆమె పనిచేసే కార్పొరేషన్ ప్రైమరీ స్కూలు నడిచి వెళ్లేంత దూరం. నాలుగో తరగతి. పిల్లలందరూ యమున ఒడ్డునున్న బస్తీల వాళ్లు. తండ్రులు రిక్షాలు తొక్కుతారు, కూరగాయల బళ్లు తోస్తారు. తల్లులు ఈ ఫ్లాట్లలోనే అంట్లు తోముతారు. లాక్‌డౌన్ పెట్టాక బడి మూసేశారని టీవీలో చెప్పారు గానీ టీచర్లకి ఎక్కడ మూశారు? అదే వరండాలో నిలబడి వరసలో వచ్చినవాళ్లకి కిచిడీ పెట్టారు, రేషన్ సంచులు పంచారు, ఇళ్లకెళ్లి ఎవరికి జ్వరమో కనుక్కున్నారు. తరగతి మాత్రం ఫోనులోకి దూరింది. ఇంట్లో ఉండే ఉద్యోగం, జీతం ఊరికే వస్తోంది అని అత్తగారు కమలాకుమారి తెనాలిలోని చెల్లెలితో ఫోనులో చెప్తుంటే, బయటినుంచి వచ్చి చెప్పులు కడుక్కుంటున్న సరళకుమారి చెవిన పడింది.

మొదట్లో హాజరంటే హాజరే. ప్రెజెంట్ మేడం అంటే అయిపోయేది. ఒకరోజు ఏం తిన్నావురా అని ఒక పిల్లవాణ్ణి అడిగితే వాడు ఎంతసేపటికీ మాట్లాడలేదు. తిన్నారా అని అడిగితే ఏ ఇంట్లోనూ లేదనరని ఆమెకి అప్పుడు తెలిసింది. పేదవాళ్లకి పరువు మనకంటే ఎక్కువ. అందుకని ప్రశ్న మార్చింది. "చూల్హా జలా?" పొయ్యి వెలిగిందా అని. అప్పుడు ఆకలి మనిషిది కాకుండా పొయ్యిది అవుతుంది. వెలగలేదని చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు. ప్రెజెంట్ మేడం, జలా అన్న ఇంటికి ఫరవాలేదు. నహీ జలా అన్న ఇంటికి మధ్యాహ్నంలోపు రేషన్ సంచీ వెళ్లేది. తోటి టీచరు ఉష తన స్కూటీ మీద ఆమెని ఎక్కించుకుని తిప్పేది. కొన్నాళ్లకి మిగతా టీచర్లు కూడా హాజరు ఇలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఇంటికి ఒకటే ఫోను. పిల్లలు నిద్ర లేవకపోతే తల్లులే జవాబు చెప్పేవారు. అలా వచ్చిన గొంతుల్లో రామ్‌రతిది ఒకటి. ముస్కాన్ తల్లి. బుందేల్‌ఖండ్ నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. సరళకుమారి వాళ్ల వెనక బ్లాకులోనే నాలుగిళ్లలో పనిచేసేది, లాక్‌డౌన్‌లో అందరూ మానిపించేశారు. చదువు లేదు. కూతురి బదులు ప్రెజెంట్ మేడం అని చెప్పేటప్పుడు మాత్రం బడిపిల్లలాగే సాగదీసి చెప్పేది. ఒకరోజు హాజరు అయిపోయాక ఆమె దగ్గరినుంచి ఇంకో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మేడం జీ, రోజూ ముస్కాన్ పేరు పిలుస్తారు. ఒక్కసారి నా పేరు పిలవండి. బడిలో నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు."

సరళకుమారికి నవ్వొచ్చింది. మర్నాడు ముస్కాన్ తర్వాత రామ్‌రతి అని పిలిచింది. అవతల కాసేపు నవ్వు, ఆ తర్వాత ప్రెజెంట్ మేడం. ఇంకేముంది, మిగతా తల్లులు ఊరుకుంటారా. ఫలానా వాడి అమ్మ అనే తప్ప పేర్లు తెలియని ఆడవాళ్లందరూ ఒక్కొక్కరే పేరు చెప్పుకున్నారు. కొందరు చెప్పడానికి సిగ్గుపడ్డారు. ఒకావిడయితే పెళ్లయ్యాక తన పేరు తానే పలకలేదంది. హాజరు రెండింతలైంది, అన్నం మాడడం మొదలైంది. మాడిన అన్నం సరళకుమారి తన కంచంలో వేసుకునేది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

అప్పుడే ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తన పేరు ఈ ఇంట్లో ఎవరూ పిలవరు. భర్త యేసుకుమార్ పిలుపు ఇదిగో, మరీ అవసరమైతే షారూ వాళ్లమ్మా. అత్తగారు అమ్మాయ్ అంటుంది. కూతురు షారన్ మమ్మా అని, ఆ తర్వాత అంతా హిందీలోనో ఇంగ్లీషులోనో. తెలుగు క్రైస్తవ సంఘంలో ఆమె పెద్దగారి మిసెస్. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా వెలుగుతున్న పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని పేరు పెట్టి పిలిచేది యమున ఒడ్డు రేకుల ఇళ్లవాళ్లు, అదీ మేడం అని చివర తగిలించి. బాధపడాలో నవ్వుకోవాలో ఆమెకి తెలియలేదు. ఎసట్లో ఉప్పేసింది.

యేసుకుమార్ చెడ్డవాడంటే ఆమే ఒప్పుకోదు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. మగవాడిలో ఇవి లేకపోవడాన్నే మంచితనం అంటారని ఆమెకి పెళ్లికి ముందే చెప్పారు. ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆఫీసులో పని, సంఘంలో పెద్ద. చర్చి మూసేశాక సాయంత్రం ప్రార్థన కూడిక జూమ్‌లో జరుగుతోంది, నడిపేది ఆయనే. మధ్య గదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జబ్బుపడ్డ వాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి ప్రార్థిస్తాడు. ఆయన గొంతులో ఆ పేర్లు వింటుంటే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. సరళకుమారికీ వచ్చేవి.

రెండో ఏడాది ఏప్రిల్లో ఆమెకే జ్వరం వచ్చింది. రేషన్ పంచిన దగ్గరే అంటుకుని ఉంటుంది. వాసన పోయింది, ఒళ్లు పచ్చిపుండయింది. యేసుకుమార్ వాషింగ్ మెషీన్ ఉన్న వెనక గదిలో పరుపు వేయించి తలుపు దగ్గరికి వేశాడు. మందులు తెచ్చాడు, కాదనకూడదు. పరీక్ష మాత్రం వద్దన్నాడు. రిపోర్టు వస్తే తలుపుకి కాగితం అంటిస్తారు, ఆఫీసుకి రావద్దంటారు, సంఘంలో తలో మాటా అంటారు అన్నాడు. ఎవరడిగినా స్కూలు పనిలో ఉందని చెప్దాం అన్నాడు. అత్తగారు తలుపు అవతలినుంచి, ఊళ్లో వాళ్లకి సేవ చేస్తే ఇదే ఫలం, ఇప్పుడు మాకెవరు వండిపెడతారు అంది. షారన్ గుమ్మం దగ్గర కంచం పెట్టి, సారీ మమ్మా అని వెనక్కి పరిగెత్తేది. ఆ పిల్లకి వండడం రాదు. రానివ్వలేదు తనే, చదువుకోనీ అని.

సాయంత్రాలు తలుపు సందులోంచి ప్రార్థన వినపడేది. ఢిల్లీలోనే ద్వారకలో ఉండే నర్సు ఎల్సా కోసం, టిమోతి తండ్రి కోసం, రేపల్లెలో ఎవరివో పిన్నిగారి కోసం యేసుకుమార్ ఒక్కొక్క పేరే ఎత్తుతున్నాడు. ఆమె పరుపు మీద వెల్లకిలా పడుకుని, వాషింగ్ మెషీన్ పైపు వైపు చూస్తూ, ఇప్పుడు తన పేరు వస్తుందేమోనని వింది. మొదటిరోజు మర్చిపోయాడనుకుంది. రెండోరోజు అర్థమైంది. పేరెత్తితే జబ్బు బయటపడుతుంది. దేవుడికి పేరు చెప్పకపోయినా తెలుసులే అనుకోబోయింది గానీ ఆ ఓదార్పు నిలవలేదు. తను చచ్చిపోతే కూడా స్కూలు పనిలో ఉందనే చెప్తారేమో అనిపించి, దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడిస్తే దగ్గొచ్చింది. దగ్గు బయటికి వినపడకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున హాజరు పిలవలేకపోయింది. ఆ పైరోజు ఫోనులో మెసేజ్ మోగింది. రామ్‌రతి గొంతు. టీచరు పిలిచే రాగంలోనే, అక్షరం అక్షరం విడదీసి, "సరళకుమారి?" అని పిలిచింది.

మేడం అనలేదు. హాజరు పుస్తకంలో ఎవరి పేరు పక్కనా మేడం ఉండదని రామ్‌రతికి తెలుసు. సరళకుమారి మైకు నొక్కి ప్రెజెంట్ అంది. ఆ మాట అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. చూల్హా జలా అని అడిగింది రామ్‌రతి. ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో సరళకుమారికే తెలియదు. జలా అని అబద్ధం చెప్పింది. అబద్ధమని అవతలి మనిషి పట్టేసింది. మధ్యాహ్నం మిరియాలూ అల్లమూ వేసి కాచిన కషాయం సీసాలో పోసుకుని సొసైటీ గేటు దాకా నడిచి వచ్చింది. పనివాళ్లని లోపలికి రానివ్వడం లేదని వాచ్‌మన్ ఆపాడు. అప్పుడే ఆఫీసునుంచి వస్తున్న యేసుకుమార్, ఎవరికీ ఒంట్లో బాగాలేకపోవడం ఏమీ లేదు అని మర్యాదగానే చెప్పి పంపించేశాడట. పనివాళ్ల దాకా పాకిపోయింది, నీ ఫోనే మన పరువు తీస్తోంది అని తలుపు అవతల నిలబడి అన్నాడు. సీసా సంగతి సరళకుమారికి మర్నాటి హాజరులో తెలిసింది. పరవాలేదు మేడం జీ, మా వీధిలో వాళ్లు తాగేశారు అని నవ్వింది రామ్‌రతి. టీచరు లేచేదాకా హాజరు తనే పిలిచింది. రోజూ అందరికంటే ముందు సరళకుమారి పేరే పిలిచేది. ఆమె ప్రెజెంట్ అన్నాకే మిగతా పేర్లు. ఆ రోజుల్లో తను బతికి తీరాలనుకుంది ఎందుకో అడిగితే, పొద్దున్నే ఆ పిలుపుకి జవాబు చెప్పాలి కాబట్టి అంటుంది సరళకుమారి.

జ్వరం తగ్గి ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చి హాజరు అందుకున్నాక, రామ్‌రతి గొంతు మారింది. ప్రెజెంట్ అని సగంలో ఆగి దగ్గింది. తర్వాతి రోజు ముస్కాన్ పలికింది, మమ్మీ పడుకుంది మేడం అని. ఉష స్కూటీ మీద వెళ్లి వేలికి మిషన్ పెట్టి చూసి, ఆక్సిజన్ బాగా పడిపోయింది సరళా, ఎక్కడైనా బెడ్ చూడు అని ఫోన్ చేసింది. సరళకుమారి భర్త ఎదురుగా నిలబడింది. పెళ్లయ్యాక ఆయన్ని ఏదీ ఇంత నేరుగా అడగలేదు. మీ ఆస్పత్రిలో ఒక్కసారి అడగండి అంది. మన సంఘం వాళ్లకే దొరకడం లేదు, నన్నేం చేయమంటావు అన్నాడు. నిజమే. ఊరంతా అలాగే ఉంది, అడిగినా దొరికేది కాదేమో. కానీ ఆయన ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు. పోనీ సాయంత్రం ప్రార్థనలో పేరన్నా ఎత్తండి అంది.

"మన మెంబరు కాదు కదా," అన్నాడు యేసుకుమార్ నెమ్మదిగా. "ఇవాళ ఇది ఎత్తితే రేపు అందరూ వాళ్ల పనిమనుషుల పేర్లిస్తారు."

రామ్‌రతిని ఆమె భర్త తన కూరగాయల బండి మీదే పడుకోబెట్టి ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తోసుకెళ్లాడు. మూడోదానికి చేరేలోపే పోయింది.

ఆ తర్వాత ముస్కాన్ హాజరు చెప్పడం మానేసింది. సరళకుమారి రోజూ పిలుస్తుంది, ఎవరూ పలకరు. ఒకరోజు ఆ పిల్ల తండ్రి ఫోన్ చేశాడు. పాపం ఏడుస్తూనే మాట్లాడాడు. చంటివాడున్నాడు, నేను బండి తోయకపోతే గడవదు, ఇల్లు ఎవరు చూస్తారు, ముస్కాన్ పేరు కొట్టేయండి మేడం అన్నాడు. పదేళ్ల పిల్ల. బడిలో పేరంటూ ఉంటే రేపటికైనా వెనక్కి రావచ్చు. ఒకసారి కొట్టేస్తే ఆ పిల్ల కూడా ఎవరో ఒకరి మమ్మీ అయిపోయి, పేరు లేకుండా మిగిలిపోతుంది. కొట్టను భయ్యా, రోజూ పిలుస్తాను, వీలైన రోజే పలకమనండి అంది సరళకుమారి. ఆ పేరు నిలబడాలి. ఆమెకి ఇప్పుడు కావాల్సింది అదొక్కటే. రామ్‌రతి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏం చేయాలో తెలియక, రోజూ పిలవబోయి ఆగిపోయేది.

యేసుకుమార్ అప్పటికి ధైర్యం తెచ్చుకున్నాడు. జబ్బు తగ్గిపోయింది కాబట్టి ఇక చెప్పుకోవచ్చు. సంఘంలో కోలుకున్నవాళ్లు సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. సంఘపెద్ద ఇంటినుంచి సాక్ష్యం వస్తే అందరికీ ధైర్యంగా ఉంటుందన్నాడు. ఏం చెప్పాలో కూడా ఆయనే అనుకున్నాడు. దేవుని కృప, కుటుంబం ఆదరణ, ఇకమీదట ఆరోగ్యం దృష్ట్యా స్కూలుకి లాంగ్ లీవు. లీవు మాట అక్కడ అందరి ముందూ వస్తే ఆమె మళ్లీ వెనక్కి తీసుకోలేదని ఆయనకి తెలుసు. ఆ గ్రూపులోంచి కూడా బయటికొచ్చేయ్, ముందు నీ ఒళ్లు చూసుకో అన్నాడు. తన ఒళ్లు గురించి ఆయనకి ఇంత శ్రద్ధ ఉండడం ఆమెకి కొత్త. వెనక గదిలో ఉన్నప్పుడు ఉండి ఉంటే బాగుండేదనుకుంది.

ఆ సాయంత్రం చీర మార్చుకుని ఆయన పక్కన కుర్చీలో కూర్చుంది. తెర మీద చిన్న చిన్న గళ్లలో సంఘమంతా ఉంది. తలమీద కొంగు కప్పుకున్న ఆడవాళ్లు, వంటింటి గోడలు, ఒక గడిలో యూనిఫాంలోనే ఉన్న ఎల్సా. సరళకుమారి వందనాలు చెప్పింది.

"నా పేరు సరళకుమారి. నాకు జబ్బు చేసినప్పుడు ఈ కూడికలో నా పేరు రాలేదు. మీ తప్పు కాదు, మీకు చెప్పలేదు. రోజూ నా పేరు పిలిచి నేను బతికున్నానో లేదో కనుక్కున్న మనిషి ఒకావిడ ఉంది. ఆవిడకి జబ్బు చేస్తే కూడా ఇక్కడ పేరు రాలేదు. ఆవిడ పోయింది. ఆవిడ పేరు—"

యేసుకుమార్ చెయ్యి చాచి మైకు ఆపేశాడు. నెట్‌వర్క్ అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. తెర మీద అందరూ ముందుకి వంగి చూస్తున్నారు. ఎల్సా గొంతు వినపడింది, అక్కా, పేరు వినపడలేదు, మళ్లీ చెప్పండి అని. సరళకుమారి భర్త చేతిని పక్కకి తీసి, తనే మైకు నొక్కింది. "రామ్‌రతి," అంది. లీవు సంగతి ఎత్తకుండానే లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అందరూ అన్నం మాత్రం తిన్నారు.

పొద్దున మళ్లీ కుక్కర్, పంచదార డబ్బా, ఫోను. లోపలి గదిలోంచి అత్తగారి దగ్గు, బాత్రూములోంచి నీళ్ల చప్పుడు. సరళకుమారి పేర్లు పిలుస్తోంది. అయాన్ పలికాడు, వాళ్లమ్మ పలికింది. ముస్కాన్ అని పిలిచి ఆగింది. మొదటి విజిల్ వేసింది. ఎప్పటిలాగే ఇవాళా పలకదులే అని తర్వాతి పేరుకి వెళ్లబోతుంటే ఫోను వెలిగింది.

"ప్రెజెంట్ మేడం."

చిన్న గొంతు, తల్లిలాగే సాగదీసి. సరళకుమారికి కళ్లు నిండిపోయాయి. ఇన్నాళ్లకి పలికింది, ఇక ఫరవాలేదు, పేరు నిలిచింది. ఆ సంతోషంలో అలవాటుగా అడిగింది, చూల్హా జలా బేటా అని. జలా అంది ముస్కాన్. చంటివాడి ఏడుపు, గిన్నె మీద గరిట చప్పుడు వెనక వినపడుతున్నాయి. "మైనే జలాయా మేడం. పాపా కే లియే రోటీ భీ మైనే బనాయీ."

నేనే వెలిగించాను. నాన్నకి రొట్టెలు కూడా నేనే చేశాను. శభాష్ అనిపించుకోవాలని చెప్పిన మాట అది. ఎన్ని పొద్దుటిపూటలు ఆ ఒక్క జవాబు కోసం ఎదురుచూసింది తను. పొయ్యి వెలిగిందంటే చాలనుకుంది, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని తర్వాతి పేరుకి వెళ్లిపోయింది. ఎవరు వెలిగించారని ఒక్కనాడూ అడగలేదు. ఎవరినీ అడగలేదు. ఈ వంటింట్లో నిలబడి తనని తాను కూడా అడగలేదు. పలకబట్టి పేరు మిగిలిందనుకుంటోంది గానీ, పిల్ల అప్పుడే తల్లి చోటుకి వెళ్లిపోయింది. హాజరు చెప్పి, రొట్టెలు చేసి, తమ్ముణ్ణి ఎత్తుకుని, ఇక రోజూ ఇలాగే ప్రెజెంట్ మేడం అంటుంది. పుస్తకం మాత్రం తెరవదు.

రెండో విజిల్ వేసింది. సరళకుమారి మైకు నొక్కి, "ముస్కాన్, పుస్తకాలు తీసి పెట్టు. నేను వస్తున్నాను. తమ్ముణ్ణి నేనెత్తుకుంటాను, నువ్వు చదువుకో," అంది. వాళ్ల నాన్నకి ఫోనిమ్మంది. భయ్యా, సాయంత్రం రొట్టెలు మీరు చేయడం నేర్చుకోవాలి, నేను నేర్పిస్తాను అని చెప్పింది. ఆయన జీ మేడం అన్నాడు. తరువాత మిగతా పేర్లన్నీ పిలిచింది. ఈసారి రామ్‌రతి పేరు కూడా పిలిచింది. ఒక్కొక్కరే తల్లులు ఆ పేరుకి ప్రెజెంట్ మేడం అని జవాబు పంపారు.

ఆమె గ్యాసు కట్టేసింది. మూడో విజిల్ వేయబోయిన కుక్కర్ కాసేపు బుసకొట్టి చల్లబడింది. మాస్కు పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే స్నానం చేసి వచ్చిన యేసుకుమార్ తల తుడుచుకుంటూ గుమ్మంలో ఆగిపోయాడు. లోపలి గదిలోంచి అత్తగారు కేక వేసింది, అమ్మాయ్, అన్నం అయిందా అని.

"పొయ్యి వెలగలేదత్తయ్యా," అంది సరళకుమారి. తలుపు తీసుకుని బయటికి నడిచింది.